నిజాం కానుక బాంబర్‌ని వెదురుతో కట్టడం: డి.హెచ్.9ఎ, 1:20 నమూనా

రెండు రెక్కల పాత విమానం నమూనా చేయాలనుకున్నవాళ్లు ముందు చెక్క గురించి, ఆ తర్వాత రంగు గురించి ఆలోచిస్తారు. దారాలు చివర్లో గుర్తొస్తాయి. నిజానికి ఆ విమానం బలమంతా దారాల్లోనే ఉంది. పై రెక్క, కింది రెక్క, మధ్యలో నిలబెట్టిన గుంజలు, వాటి మధ్య ఏటవాలుగా లాగిన తీగలు, ఇవన్నీ కలిస్తే గర్డర్ వంతెన అవుతుంది. తీగలు తీసేస్తే ఆ రెక్క తన బరువు తానే మోయలేదు. అందుకే పని మొదలుపెట్టిన రోజు నుంచే తీగలు ఎక్కడ కట్టాలో చూసుకుంటూ పోవాలి.

ఇక్కడ ఎంచుకున్న విమానం డి.హెచ్.9ఎ, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్. మనకు దీంతో సంబంధం ఉంది. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కి మొదటి విడత డి.హెచ్.9ఎ బాంబర్లు హైదరాబాద్ నిజాం కానుకగా వచ్చాయి. ఒక్కో విమానం మీద ఆ మాట, దాని వరస సంఖ్య రాసి ఉండేవి. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు అలాగే నిలిచిపోయింది. డి.హెచ్.9ఎ తీసుకుని ఫ్రాన్స్‌కి వెళ్లిన తొలి దళం అదే. ఆ విమానాల్లో ఎఫ్1010 అనేది 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంకి, అక్కడి నుంచి పోలండ్‌కి చేరి, 1977లో బ్రిటన్‌కి తిరిగొచ్చింది. ఇప్పుడు లండన్‌లోని వాయుసేన మ్యూజియంలో ఉంది. దాని ఫొటోలు తేలిగ్గానే దొరుకుతాయి, నమూనాకి అవే ఆధారం.

యుద్ధం ముగిశాక కూడా ఈ రకం విమానం 1920లంతా ఇరాక్‌లో, అప్పటి బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దులో పనిచేసింది.

కొలతలు

అసలు విమానం రెక్కల వెడల్పు 14 మీటర్లు, పొడవు 9.22 మీటర్లు, ఎత్తు 3.45 మీటర్లు. 1:20లో, అంటే ఇరవయ్యో వంతులో, ఇవి 70 సెం.మీ., 46 సెం.మీ., 17 సెం.మీ. అవుతాయి. రెక్క ముందంచు నుంచి వెనకంచుకి 8.8 సెం.మీ. ఈ సైజు బల్ల మీద పడుతుంది, గుంజల మధ్య వేళ్లు దూరతాయి. ఇంకా చిన్నది చేస్తే దారం ముడి వేయడం కష్టం. ఎయిర్‌షిప్ చేద్దామని ఉన్నవాళ్లు ఒక లెక్క చూసుకోండి. 1930 అక్టోబరులో కరాచీకి బయల్దేరి ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలిన ఆర్101 పొడవు 237 మీటర్లు. ఇదే స్కేలులో అది దాదాపు 12 మీటర్లు అవుతుంది, ఫంక్షన్ హాల్ కావాలి.

పై నుంచి, పక్క నుంచి, ముందు నుంచి చూపే మూడు బొమ్మల డ్రాయింగ్ ఒకటి సంపాదించి, పెద్ద కాగితాలు ప్రింట్ చేసే షాపులో రెక్కల వెడల్పు 70 సెం.మీ. వచ్చేలా తీయించండి. వెంటనే పొడవు కొలవండి. 46 రాకుండా 45 గానీ 47 గానీ వస్తే ప్రింటర్ కాగితాన్ని ఒకవైపు సాగదీసిందని అర్థం. దాన్ని వాడకండి. ఆ తప్పు చివరిదాకా వెంటే వస్తుంది.

వెదురు, పొనికి

బల్సా చెక్క ఆన్‌లైన్‌లో దొరుకుతుంది గానీ ఈ పనికి మన దగ్గరున్నవే మేలు. పొడవైన సన్న భాగాలకు వెదురు, చెక్కాల్సిన ముద్ద భాగాలకు పొనికి.

బుట్టలు, తడకలు అల్లే మేదరివాళ్ల దగ్గర వెదురు తీసుకోండి. కణుపుకీ కణుపుకీ మధ్య 33 సెం.మీ. పైన ఉన్న బొంగు అడగండి. రెక్క ఒక్కో ముక్క దాదాపు అంతే పొడవు కాబట్టి మధ్యలో కణుపు రాదు. కణుపున్న చోట బద్ద వంకర పోతుంది, వేడి చేసి సరిచేసినా నెల తిరక్కుండా మళ్లీ వంగుతుంది. పచ్చి వెదురు అసలే వద్దు. చీల్చిన బద్దల్ని వారం పది రోజులు నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. నానితే అందులోని పిండి పదార్థం దిగిపోతుంది, పుచ్చు పురుగుకి తిండి ఉండదు. ఈ పని మానేసిన నమూనాల కింద ఏడాదికల్లా సన్నటి పసుపు పొడి రాలుతుంది.

పొనికి మన నిర్మల్ బొమ్మల చెక్క. తేలిక, మెత్తన, ఏ వైపు చెక్కినా చీలదు. విమానం ముక్కు, రేడియేటర్, చక్రాలు, బాంబులు దీంతోనే చేయాలి. చెక్కాక దాని మీద నిర్మల్ పద్ధతిలో చింతగింజల లప్పం పూయండి. గింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, చిక్కబడే దాకా ఉడికించాలి. అందులో జల్లెడ పట్టిన రంపపు పొట్టు కలిపితే లప్పం. పలచగా రెండుసార్లు పూసి, ప్రతిసారీ ఆరాక సన్న సాండ్ పేపర్‌తో రుద్దండి. ఒకేసారి మందంగా పూస్తే పగుళ్లిస్తుంది.

ఒళ్లు

ఒళ్లంటే ముక్కు నుంచి తోక దాకా ఉండే విమానం మధ్య భాగం. నాలుగు మూలలా నాలుగు పొడవాటి బద్దలు, 3 మి.మీ. చదరం. ఎడమ పక్క, కుడి పక్క రెండు చట్రాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకే డ్రాయింగ్ మీద అతికించండి. మధ్యలో, కింద ప్లాస్టిక్ కవర్ పరిస్తే అంటుకోవు. రెండు పక్కలకీ జంట బద్దలు ఒకే బొంగులోంచి తీయాలి. వేర్వేరు బొంగుల బద్దలు ఒకే బలానికి ఒకేలా వంగవు. తోక దగ్గర రెండు పక్కల్నీ దగ్గరికి లాగినప్పుడు ఒళ్లు అరటిపండులా ఒకవైపు తిరగడానికి కారణం అదే. ఆరాక అడ్డబద్దలు పెట్టి, తోక అంచులు కలిపి, పై నుంచి చూస్తూ మధ్యగీత మీద నిలబెట్టండి.

ముక్కు దగ్గర పెద్ద చదరపు రేడియేటర్ ఈ విమానం ముఖం. దీని ముందు రకమైన డి.హెచ్.9కి అది ఉండదు, కాబట్టి దాని ఫొటో చూసి చెక్కితే వేరే విమానం అవుతుంది. ఈ పెద్ద ముక్కులో ఉన్నది 400 గుర్రాల శక్తి గల అమెరికన్ లిబర్టీ ఇంజన్, వి ఆకారంలో 12 సిలిండర్లు. పైలట్, వెనకాల తుపాకీ మనిషి ఒకరి వెనక ఒకరు, దగ్గర దగ్గర గుంటల్లోనే కూర్చుంటారు. అంతకుముందు డి.హెచ్.4లో ఇద్దరి మధ్యా పెట్రోల్ ట్యాంకు ఉండేది, ఒకరి మాట ఒకరికి అందేది కాదు. ఆ లోపం సరిదిద్దాకే ఇలా దగ్గరగా వచ్చాయి. గుంటల మధ్య ఎడం డ్రాయింగ్‌లో ఎంతుంటే అంతే ఉంచండి.

రెక్కలు

పై రెక్కకి మధ్యలో చిన్న నడిమి ముక్క, అటూ ఇటూ రెండు ముక్కలు. కింది రెక్క రెండు ముక్కలుగా ఒంటికి అతుకుతుంది. ఒక్కో ముక్కలో పొడవునా రెండు స్పార్లు, అంటే రెక్క బరువు మోసే బద్దలు, ఉంటాయి, 3 మి.మీ. ఎత్తు, 2 మి.మీ. మందం వెదురు. స్పార్ ఎక్కడ రావాలో కొలవనక్కర్లేదు, డ్రాయింగ్‌లో గుంజలు ఎక్కడ నిలబడ్డాయో చూడండి. గుంజ ఎప్పుడూ స్పార్ మీదే నిలుస్తుంది.

అడ్డంగా వచ్చే పక్కటెముకలకి పాత పెళ్లి పత్రికల అట్ట చాలు. రెండు పొరలు అతికించి, బరువు పెట్టి ఒక రాత్రి ఉంచి, రేకుతో చేసిన ఒక్క నమూనా చుట్టూ బ్లేడుతో కోయండి. 2 సెం.మీ.కి ఒకటి చొప్పున 70 దాకా పడతాయి. 80 కోసి, అన్నింటినీ సూదికి గుచ్చి ఒక కట్టగా రుద్దితే సమానమవుతాయి. ఆ కాలపు రెక్క చాలా పలచన, మన స్కేలులో ఎక్కువ చోట 6 మి.మీ. కూడా దాటదు, అడుగు భాగం కొద్దిగా లోపలికి గుంటగా ఉంటుంది. లావు రెక్క పెడితే ఎంత బాగా రంగు వేసినా బొమ్మలా కనిపిస్తుంది.

రెక్కల చివరి గుండ్రటి అంచులకు, తోక చుక్కానికి ఒకటిన్నర మి.మీ. బద్ద తడిపి, మైనపు ఒత్తి మంటకి కాస్త పైన ఆడిస్తూ వంచండి. తొక్క ఉన్న వైపు బయటికి రావాలి. మంటకి తగిలి నల్లబడ్డ చోట తర్వాత విరుగుతుంది.

ఇప్పుడు మరచిపోకూడని పని ఒకటి ఉంది. ఫ్యాన్ వైండింగ్ షాపుల్లో తెగిన రాగి తీగ ముక్కలు పడుంటాయి. దాదాపు 0.4 మి.మీ. తీగని కుట్టుసూది చుట్టూ ఒక్క మెలి తిప్పితే చిన్న కన్ను తయారవుతుంది. ప్రతి గుంజ పైకొన దగ్గర, కింది కొన దగ్గర, ఒంటి పక్కన స్పార్ మొదట్లో, నడిమి ముక్క మూలల్లో ఈ కన్నులు స్పార్‌కి దారంతో చుట్టి జిగురు పెట్టాలి. మొత్తం 24. కాగితం అతికించాక కన్ను పెట్టాలంటే కాగితం చింపాల్సిందే.

కాగితం తొడగడం

పతంగి కాగితం, తెల్లది. సంక్రాంతి ముందు మంచిది దొరుకుతుంది. జిగురుకి మైదా లై వాడండి: గ్లాసు నీళ్లకి రెండు చెంచాల మైదా, కలుపుతూ పారదర్శకంగా మారేదాకా ఉడికించాలి. చల్లారాక చిటికెడు మైలుతుత్తం పొడి కలిపితే బొద్దింకలు, పురుగులు ముట్టవు. అది విషం. పిల్లల చేతికి ఇవ్వకండి, ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి. ఫెవికాల్ నీళ్లతో పలచన చేసినా పనికొస్తుంది కానీ అది ఆరాక సరిదిద్దలేం. లై అయితే తడిపి లేపవచ్చు.

కాగితం చింపి చూడండి, తిన్నగా చిరిగే దిక్కే దాని పోగు దిక్కు. ఆ దిక్కు రెక్క పొడవునా రావాలి. ముందు అడుగు భాగం. ప్రతి పక్కటెముకకీ లై రాసి కాగితాన్ని లోపలి గుంటలోకి వేలితో అదమాలి. అంచులకి మాత్రమే అతికిస్తే బిగుసుకున్నప్పుడు గుంట కాస్తా చదునైపోతుంది. అది పూర్తిగా ఆరాక పై భాగం.

తర్వాత బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే సీసాతో రెండు వైపులా ఒకేసారి సన్నగా తడపండి. ఒక్క వైపే తడిపితే ఆ వైపు లాగి రెక్క మెలిపడుతుంది. తడి రెక్కని చదునైన చెక్క మీద పెట్టి, అంచుల కింద సన్న బద్దలు ఉంచి, పైన గుండుసూదులతో పట్టి ఒక రాత్రి వదిలేయండి. డప్పుని నిప్పు సెగ చూపి బిగించినట్టు ఇక్కడ వేడి చూపించకూడదు. కాగితం నీళ్లు ఆరుతూ తనంతట బిగుసుకోవాలి, ఎండలో పెడితే అతుకుల దగ్గర చిరుగుతుంది. సరిగ్గా బిగిసిన రెక్కని గోటితో మీటితే చిన్న డప్పు చప్పుడు వస్తుంది. అసలు విమానానికి అవిసె నార బట్ట తొడిగి, దాన్ని బిగించడానికి డోప్ అనే సెల్యులోజ్ ద్రావణం పూసేవారు.

ఏ నెలలో చేయాలన్నది కూడా ముఖ్యం. మన దగ్గర మే నెలలో లై బ్రష్ మీదే ఆరిపోతుంది, కాగితం అతుక్కోదు. శ్రావణం తేమలో బిగించిన కాగితం మళ్లీ వేసవి వచ్చేసరికి ఇంకా లాగి సన్న బద్దల్ని వంచేస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, పొడి చలి రోజుల్లో ఈ పని పెట్టుకోండి.

కాగితం బిగిశాక చెక్కకి పూసే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ ఒక వంతు, థిన్నర్ రెండు వంతులు కలిపి పలచగా రెండు పూతలు. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

తీగలు

తీగల్లో మూడు రకాలు. విమానం నేల మీద ఉన్నప్పుడు రెక్క బరువు కిందికి లాగుతుంది. పైన ఒంటి దగ్గర మొదలై, కింద దూరపు గుంజ మొదటికి దిగే ల్యాండింగ్ తీగలు ఆ బరువు మోస్తాయి. గాల్లో ఉన్నప్పుడు రెక్క పైకి లేస్తుంది, కింద ఒంటి దగ్గర మొదలై పైన దూరపు గుంజ కొనకి ఎక్కే ఫ్లయింగ్ తీగలు దాన్ని ఆపుతాయి. ముందు గుంజకీ వెనక గుంజకీ మధ్య ఇంటూ గుర్తులా ఉండేవి ఇన్సిడెన్స్ తీగలు, అవి రెక్క మెలిపడకుండా చూస్తాయి. ఈ విమానానికి ఒక్కో వైపు రెండు జతల గుంజలు, అంటే మొత్తం 8. మన నమూనాకి ల్యాండింగ్, ఫ్లయింగ్ తీగలు కలిపి 16, ఇన్సిడెన్స్ తీగలు 8. అసలు విమానంలో ఫ్లయింగ్ తీగలు జంటగా ఉండేవి, ఈ స్కేలులో ఒక్కొక్కటి చాలు.

గుంజలు వెదురుతో, అడ్డకోత చేప ఆకారంలో చెక్కండి. ఎనిమిదింటినీ కట్టగా కట్టి రెండు కొనలూ ఒకేసారి రుద్దితే పొడవు సమానమవుతుంది. అర మి.మీ. తేడా వచ్చినా రెక్కలు సమాంతరంగా ఉండవు.

దారానికి 0.25 మి.మీ. నైలాన్ గాలం దారం వాడండి. పతంగి మాంజా వద్దు, దాని మీది గాజు పొడి కన్నుల దగ్గర కోసుకుపోతుంది, చేతులు కూడా తెగుతాయి.

వరస తప్పకూడదు. ఆ రోజుల్లో విమానాశ్రయాల్లో తీగలు సవరించే పనివాళ్లు, అంటే రిగ్గర్లు కూడా ఇదే వరస పాటించేవారు.

మొదట నడిమి ముక్క. ఒంటి మీద నాలుగు పొట్టి గుంజల మీద దాన్ని నిలబెట్టి, మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం పెట్టి చూడండి. ఇది వంకరగా ఉంటే తర్వాత చేసేదంతా వంకరే.

రెండోది ఎత్తు. రెక్కలు చివర్లకి పోయేకొద్దీ 3 డిగ్రీలు పైకి లేచి ఉంటాయి. 33 సెం.మీ. ముక్కకి అది 1.7 సెం.మీ. కింది రెక్క కొన కింద అంత ఎత్తు థర్మోకోల్ దిమ్మె పెట్టి, గుంజలు నిలిపి, పై రెక్క అమర్చండి. గుంజల కొనలకి జిగురు ఇప్పుడే గట్టిగా పెట్టకండి, చుక్క చాలు. ఫ్లయింగ్ తీగలు వదులుగా ఉంచి, లోపలి గుంజల ల్యాండింగ్ తీగలు, ఆ తర్వాత బయటి గుంజలవి లాగండి. దిమ్మె తీసేసినా కొన అదే ఎత్తులో ఉండాలి.

మూడోది మెలి. వెనక నుంచి, కన్ను తోక ఎత్తుకి దించి చూడండి. పై రెక్క వెనకంచు, కింది రెక్క వెనకంచు ఒక దానిమీద ఒకటి గీతల్లా సమాంతరంగా కనిపించాలి. ముందంచు వెనకంచు కన్నా 4, 5 మి.మీ. ఎత్తులో, లోపలి నుంచి కొస దాకా ఒకేలా ఉండాలి. ఎక్కడైనా ముందంచు కిందికి వాలితే, ముందు గుంజ కాలి నుంచి వెనక గుంజ తలకి పోయే ఇన్సిడెన్స్ తీగని బిగించి, రెండోదాన్ని వదలండి. ముందంచు ఎక్కువ లేచి ఉంటే దీనికి తిరగేసి. పై రెక్క కింది దానికన్నా ఎంత ముందుకు రావాలో డ్రాయింగ్‌లో చూసి, పై రెక్క ముందంచు నుంచి తూకపు గుండులా దారానికి చిన్న నట్టు కట్టి వేలాడదీసి సరిచూడండి.

నాలుగోది కొలత. తోక చివరి నుంచి కుడి బయటి గుంజ మొదటికి, అక్కడి నుంచే ఎడమ బయటి గుంజ మొదటికి ఒక దారం పట్టి పోల్చండి. తర్వాత ముక్కు మధ్య నుంచి కూడా అలాగే. రెండు వైపులా సమానమైతేనే ఫ్లయింగ్ తీగలు లాగండి, చివర్లో, వదులు పోయేంత వరకే. ఇక్కడ బలంగా లాగినవాళ్ల నమూనాలో గుంజలు విల్లులా వంగుతాయి, కాగితం ముడతలు పడుతుంది. తప్పు తీగలో ఉంటే కాగితాన్ని తిట్టుకుంటారు.

ప్రతి తీగా ముందు జారుముడితో పట్టి, అన్నీ కుదిరాక ముడి మీద జిగురు చుక్క వేయాలి. ఒకటి రెండు తీగలు కాస్త వదులుగా మిగిలితే, వెలిగించిన అగరుబత్తి కొనని దారానికి ఒక సెంటీమీటరు దూరంలో ఒక్క క్షణం ఆడించండి, నైలాన్ కుంచించుకుని బిగుస్తుంది. ఇంకా దగ్గరికి తెస్తే తెగుతుంది. లాకర్ పూసి కనీసం రెండు రోజులు కాకుండా ఈ పని చేయకండి, ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది.

కాళ్లు, రంగు, రాతలు

చక్రాల ఇరుసుని కాళ్ల కొనలకి జిగురుతో బిగించకుండా సన్న ఎలాస్టిక్ దారంతో చుట్టండి. అసలు దానికీ రబ్బరు తాళ్లే ఉండేవి. నమూనాని బల్ల మీద కాస్త గట్టిగా పెట్టినా కాళ్లు విరగవు. ముక్కు ముందు తిరిగే పంఖాని (ప్రొపెల్లర్) మూడు టేకు పలకలు అతికించి చెక్కితే పొరల గీతలు అసలు దానిలాగే కనిపిస్తాయి.

1918 విమానానికి పై భాగాలు, ఒంటి పక్కలు ముదురు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. అసలు రంగు కూడా పసుపు మట్టిలో మసి కలిపిందే. పసుపు ఓకర్‌లో నలుపు చుక్కచుక్కగా కలుపుతూ పోండి, నలుపు తొందరగా మింగేస్తుంది. రెక్కల అడుగు భాగం రంగు లేని బట్ట. అందుకు లాకర్‌కి ముందే తెల్ల కాగితం మీద పలచని టీ డికాక్షన్ ఒక పూత వేస్తే ఆ మీగడ రంగు వస్తుంది. ఇరాక్ రోజుల విమానం చేయాలంటే మొత్తం వెండి రంగు, ముక్కు కింద అదనపు రేడియేటర్, ఒంటి పక్కన కట్టిన స్పేర్ చక్రం చేర్చండి. ఎడారిలో దిగితే దారి పక్కన మెకానిక్ ఉండడు కదా.

తోక చుక్కాని మీద మూడు నిలువు చారల్లో చాలామంది తప్పు చేస్తారు. 1918లో ముందు నీలం, మధ్య తెలుపు, చివర ఎరుపు. 1930లో ఈ వరస తిరగబడింది. 1918 రంగులో ముందు ఎరుపు వేస్తే తెలిసినవాళ్ల కళ్లు మొదట అక్కడికే పోతాయి. కానుక వాక్యం, హైదరాబాద్ సంఖ్య ఎఫ్1010 ఫొటో చూసి, నాలుగు సున్నాల (0000) సన్న బ్రష్‌తో గానీ కాగితం మీద ప్రింట్ తీసి అతికించి గానీ రాయండి. రెండోదే శుభ్రంగా వస్తుంది.

పీఠం మీద పెట్టే చీటీలో రెక్కల కొలతతో పాటు ఈ విమానం ఏం చేసిందో కూడా ఉండాలి. 112 పౌండ్లు, 230 పౌండ్ల బాంబులు మోసి 1918లో జర్మన్ పట్టణాల మీద, తర్వాత పదేళ్లు ఇరాక్‌లో, వజీరిస్తాన్‌లో ఊళ్ల మీద వేసింది. స్కూల్లో ప్రదర్శనకి పెట్టేటప్పుడు పిల్లలు మొదట అడిగేది అదే.

గాజు పెట్టెలో ఉంచితే మంచిది, లేకపోతే గోడకి దూరంగా, ఫ్యాన్ గాలి తగలని చోట. వానాకాలం మొదలయ్యాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి తీగలు మీటి చూడండి. కాగితం వదులైతే తడపకండి, తేమ తగ్గాక దానంతట అదే సర్దుకుంటుంది. తీగ వదులైతే మాత్రం ఆ వైపు జత తీగని కూడా చూశాకే అగరుబత్తి పట్టండి, ఎందుకంటే ఒకటి వదులైందంటే తరచూ రెండోది ఎక్కువ లాగుతోందనే.